సొరుగుల్లో, అరల్లో పరిచిన షీట్లు జరగకుండా ఉండాలంటే

సొరుగులో పరిచిన షీటు కొద్ది రోజులకే వెనక్కి జరిగి ముడతలు పడుతోందనీ, అల్మారా అరల్లో వేసిన షీటేమో గిన్నెను బయటికి తీసినప్పుడల్లా దానితోపాటు ముందుకు వచ్చేస్తోందనీ, రెండువైపులా అంటుకునే టేపు వేసి చూస్తే దాన్ని తీసేటప్పుడు చెక్క మీద జిగురు మరకలు మిగిలాయనీ మీరు రాశారు. ఇల్లు అద్దెది కాబట్టి చెక్క పాడవకూడదన్నది మీ ముఖ్యమైన షరతు. వంటగది అల్మారాలు బిగించే పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. షీటు ఎటువైపు జరుగుతోందో ముందు చూసుకుని, దానికి ఎదురుగా ఉన్న అంచును పట్టి ఉంచాలి. అంతకంటే ముందు అడుగున ఉన్న జిడ్డునూ దుమ్మునూ పూర్తిగా తుడిచి, షీటును సరైన కొలతకు కత్తిరించుకోవాలి. ఈ పనులు శ్రద్ధగా చేసినచోట జిగురు అవసరం చాలావరకు రాదు.

షీటు జరిగితే అడుగున పట్టు చాలలేదని అందరూ అనుకుంటారు. అది సగం నిజమే. అక్కడ ఘర్షణ రెండు చోట్ల ఉంటుంది. గిన్నెకూ షీటుకూ మధ్య ఒకటి, షీటుకూ చెక్కకూ మధ్య ఇంకొకటి. గిన్నెను లాగినప్పుడు ఈ రెండింటిలో ఏది బలహీనంగా ఉంటే అక్కడ జారుతుంది. పైన పట్టు ఎక్కువై కింద తక్కువైతే గిన్నె షీటును తనతో తీసుకుపోతుంది. పైన నునుపుగా ఉండి కింద పట్టు ఎక్కువగా ఉంటే గిన్నె మాత్రమే జారి, షీటు ఉన్నచోటనే ఉంటుంది. కాబట్టి అరకు కావలసింది ఒకవైపు నున్నగా, రెండోవైపు పట్టుగా ఉండే షీటు. రెండువైపులా ఒకే తీరుగా పట్టే జాలీ షీటును అరలో వేసినవారికి మీకు వచ్చిన ఇబ్బందే వస్తుంది. అర దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు షీటు మరింత తేలికగా జరగడం మీరు గమనించే ఉంటారు. పక్కనున్న గిన్నెల బరువు కూడా షీటును అదిమి పట్టుకోవడంలో పాలుపంచుకుంటుంది, ఆ బరువు లేనప్పుడు కదిలేది షీటే.

సొరుగు సంగతి వేరు. అక్కడ ఎవరూ వస్తువులను ఈడ్చరు, సొరుగే కదులుతుంది. సొరుగును గట్టిగా నెట్టి మూసినప్పుడు అది చివరికి వెళ్లి ఒక్కసారిగా ఆగుతుంది, లోపలి వస్తువులు మాత్రం అదే వేగంతో వెనక్కి సాగబోతాయి. గరిటెలూ కత్తులూ ఇలా ప్రతిసారీ కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతూ షీటును కూడా తోసుకుపోతాయి. అందుకే సొరుగులో ముడతలు సాధారణంగా వెనుక మూలల్లో పేరుకుంటాయి. ముందువైపు పేరుకుంటే సొరుగును విసురుగా లాగి తెరుస్తున్నారని అర్థం. చివర్లో నెమ్మదిగా మూసుకునే పట్టాలు బిగించిన సొరుగుల్లో ఈ బాధ తక్కువ.

ముడతలు ఎక్కడున్నాయో చూడమనడానికి ఒక కారణం ఉంది. పలుచని షీటు లాగుడును తట్టుకుంటుంది, తోపుడును తట్టుకోలేదు. పరుపు మీది దుప్పటిని ఒక అంచున పట్టి లాగితే చదునుగా సాగుతుంది, అదే అంచును లోపలికి నెడితే ముడతలు పడుతుంది. షీటు వెనక్కి పోతున్న సొరుగులో వెనుక అంచుకు టేపు వేస్తే ఆ అంచు కదలదు, దాని ముందు భాగం మాత్రం వచ్చి దానికి కొట్టుకుని పైకి లేస్తుంది. టేపు ముందు అంచుకు వేస్తే, వెనక్కి పోబోయిన షీటు తనంతట తానే బిగువుగా సాగి చదునుగా ఉంటుంది. అరలో గిన్నెలను బయటికి లాగడం ఎక్కువ కాబట్టి అక్కడ ముందుగా పట్టి ఉంచవలసింది వెనుక అంచును. లోపలికి నెట్టి పెట్టే బరువైన డబ్బాలు కూడా ఉంటే ముందు అంచుకు కూడా సన్నని పట్టీ ఒకటి కావాలి. నాలుగు మూలల్లో నాలుగు చిన్న ముక్కలు అతికించడం అందరూ చేసే పని, నాకు మాత్రం అది ఎప్పుడూ నచ్చలేదు. బలమంతా ఆ నాలుగు చుక్కల మీదే పడుతుంది, వాటి మధ్య అంచు వదులుగా ఉండి అలలు తేలుతుంది. అంచు పొడవునా వేసిన ఒక సన్నని పట్టీ ఆ నాలుగు ముక్కలకంటే మేలు.

ఇక శుభ్రత. షీటును ఎత్తి, అడుగు చెక్క మీద పొడి వేలితో ఒక గీత గీయండి. వేలు ఎక్కడా ఆగకుండా సాఫీగా జారిపోతే అక్కడ సన్నని దుమ్ము ఉన్నట్లు, జిగటగా తగిలి వేలి ముద్ర మిగిలితే వంట ఆవిరితో వచ్చి పేరుకున్న నూనె పొర ఉన్నట్లు. కొత్త అల్మారాల్లో చెక్క కోసినప్పటి సన్నని పొడి మూలల్లో మిగిలిపోతుంది, అది షీటు కిందికి చేరితే ఎంత మంచి షీటైనా నిలవదు. మొదట పొడి బ్రష్‌తో గానీ వాక్యూమ్ క్లీనర్‌తో గానీ మూలలు దులిపి, ఆ తర్వాత పాత్రల సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, మళ్లీ మంచినీటి గుడ్డతో సబ్బు జాడ కూడా పోయేలా తుడవాలి. సబ్బు పొర మిగిలినా జారుడే. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అంచుల్లోకి నీరు దిగితే ఉబ్బిపోతుంది కాబట్టి గుడ్డ తడిగా ఉండాలే తప్ప నీరు కారకూడదు. పూర్తిగా ఆరిన తర్వాతనే షీటు వేయాలి. లామినేట్ మీద చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే జిడ్డు పూర్తిగా పోతుంది. రంగు వేసిన చెక్క మీదా పాలిష్ పెట్టిన చెక్క మీదా మాత్రం కనిపించని మూలలో ముందు పరీక్షించకుండా ఆ పని చేయవద్దు, కొన్ని పూతలను ఆల్కహాల్ మెత్తబరుస్తుంది. షీటు అడుగు భాగాన్ని తుడవడం కూడా మరిచిపోకూడదు.

కత్తిరింపు దగ్గర తొందరపడేవారే ఎక్కువ. అసలు కిటుకంతా ఉన్నది అక్కడే. సరిగ్గా కుదిరిన షీటుకు జరగడానికి చోటే ఉండదు, నాలుగు గోడలే దాన్ని పట్టి ఉంచుతాయి. అంగుళం ఖాళీ వదిలిన షీటు ఆ అంగుళం మేరకు తిరుగుతూనే ఉంటుంది. సొరుగు లోపలి వెడల్పును ముందు, మధ్య, వెనుక మూడు చోట్లా కొలవండి, చాలా సొరుగులు పైకి కనిపించినంత చదరంగా ఉండవు. కొలత టేపుతో కొలవడం కంటే నమ్మకమైన పద్ధతి కాగితంతో నమూనా తీయడం. సొరుగు కంటే కొంచెం పెద్ద కాగితాన్ని లోపల పరిచి, గోడలూ అడుగూ కలిసే గీత వెంట గోటితో గట్టిగా నొక్కి మడత పెట్టి, బయటికి తీసి ఆ మడత మీదుగా కత్తిరించాలి. దాన్ని తిరిగి సొరుగులో వేసి చూసి, చదునుగా కూర్చున్నాక షీటు మీద ఉంచి గీత గీసుకోవాలి. మందమైన ప్లాస్టిక్ షీటుకు ఒక్కో పక్క 1 మి.మీ. ఖాళీ చాలు. కార్కు, కాగితం తేమకు కొంచెం వ్యాకోచిస్తాయి కాబట్టి వాటికి 2 మి.మీ. వదలడం మంచిది. కొలతకంటే పెద్దదైన షీటును బలవంతంగా ఇరికిస్తే మధ్యలో ఉబ్బు వస్తుంది, ఆ ఉబ్బు మీద బరువు పడినప్పుడు అంచులు గోడల మీదికి ఎక్కుతాయి.

కొత్త బ్లేడు వేసిన కట్టరూ, ఇనుప స్కేలూ ఉంటే అంచు తిన్నగా వస్తుంది. ఒకేసారి గట్టిగా నొక్కి కోస్తే షీటు సాగి అంచు వంకర పోతుంది, తేలికగా రెండు మూడు సార్లు గీయడమే మేలు. జాలీ షీటుకు కట్టరు కంటే కత్తెర నయం, రంధ్రాల వరుస వెంటనే పోనిస్తే గీత గీసుకోవలసిన పని కూడా ఉండదు. అర వెడల్పుకు ఒక చుట్ట చాలక రెండు ముక్కలు వేయవలసి వస్తే, ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా అంచుకు అంచు ఆనించి, అతుకు కింద ఒక టేపు పట్టీ వేయండి. ఆ అతుకు ముందు నుంచి వెనుకకు ఉండాలి. అడ్డంగా ఉంటే గిన్నెను లాగిన ప్రతిసారీ దాని అడుగు అతుకుకు తట్టుకుని షీటును లేపుతుంది.

చుట్టలో ఉండి వచ్చిన షీటు కొన్నాళ్లపాటు చుట్టుకోవాలనే చూస్తుంది. దాన్ని ఎదురు చుట్టుగా చుట్టి కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాత చదునైన నేల మీద పుస్తకాలు పెట్టి ఒక రాత్రి వదిలేస్తే సరిపోతుంది. మొండిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, దూరంగా పట్టుకుని కదుపుతూ వెచ్చబరచవచ్చు. పరిచేటప్పుడు వంపు తిరిగిన అంచులు కిందికి ఉండేలా పరచాలి. అంచులు చెక్కను నొక్కుతాయి, మధ్య భాగాన్ని గిన్నెల బరువు దించుతుంది. అంచులు పైకి ఉంటే వాటిని ఎంత కాలమైనా ఏదీ దించదు.

ఏ షీటు ఎక్కడ అన్నదానిపై నా అభిప్రాయం చెబుతాను. అంగట్లో జాలీ షీటు అని దొరికేది సాధారణంగా పాలిస్టర్ నూలు అల్లిక మీద పీవీసీ నురగ పూత పూసినది. రెండువైపులా పడుతుంది కాబట్టి సొరుగులకు బాగుంటుంది, వస్తువులు కూడా లోపల దొర్లవు. అరలకు ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన గీతల షీటు నయం, నున్నని వైపు పైకి ఉంచుకోవచ్చు. దాని మీద వేడి గిన్నెను నేరుగా దించకూడదు, తక్కువ వేడికే మెత్తబడుతుంది. కార్కు బరువుగా, చదునుగా కూర్చుంటుంది గానీ నూనె ఒలికితే మరక పోదు. కాగితం చవక, మార్చడం తేలిక, కానీ తడి తగలని చోటుకే పనికొస్తుంది. ఫెల్టు గుడ్డ కత్తులూ చెంచాలకు ముచ్చటగా ఉంటుంది, వంటగదిలో దుమ్మునూ తేమనూ పట్టి ఉంచుతుంది కాబట్టి నేను సలహా ఇవ్వను.

జాలీ షీట్ల గురించి ఒక జాగ్రత్త. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు కాలక్రమంలో బయటికి వచ్చి, తాము తాకిన రంగులోకీ వార్నిష్‌లోకీ కొన్ని రకాల ప్లాస్టిక్ డబ్బాల అడుగులలోకీ చేరతాయి. వేడి ప్రదేశంలో, బరువు కింద ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. షీటును ఎత్తినప్పుడు జాలీ ఆకారమే చెక్క మీద అచ్చుపడినట్లు కనిపిస్తే అది మురికి కాదు, పూత మెత్తబడి పడిన గుర్తు, ఎంత తుడిచినా పోదు. లామినేట్ మీద ఈ భయం చాలా తక్కువ. రంగు వేసిన చెక్క అయితే, ముఖ్యంగా ఇల్లు మీది కానప్పుడు, జాలీ షీటును మానుకుని కార్కు గానీ పీవీసీ కాని షీటు గానీ వేయండి. కొత్తగా రంగు వేసిన అల్మారా అయితే ఏ షీటైనా ఆగడమే మంచిది. నీటిలో కలిసే రంగులు ముట్టుకుంటే ఆరినట్లే ఉన్నా పూర్తిగా గట్టిపడడానికి దాదాపు 30 రోజులు పడుతుంది. అంతలోపు పరిచిన షీటు రంగుకు అంటుకుని, తీసినప్పుడు పొరతో సహా వస్తుంది.

పట్టి ఉంచే సాధనాల్లో మీకు నేను మొదట సూచించేది జిగురు చెక్కకు తగలని పద్ధతి. సుమారు 3 మి.మీ. మందం ఉన్న హార్డ్‌బోర్డు గానీ అలాంటి గట్టి పలక గానీ సొరుగు అడుగు కొలతకు కోయించుకోవాలి. షీటును నాలుగు పక్కలా 3 సెం.మీ. ఎక్కువగా కత్తిరించి, పలక మీద బిగువుగా పరిచి, మిగిలిన అంచులను పలక కిందికి మడిచి అక్కడ టేపు వేయాలి. మూలల్లో మడత లావెక్కకుండా షీటును ఏటవాలుగా కోసేయాలి. షీటు మందం అంచుల్లో కూడా కలుస్తుంది కాబట్టి పలకను ఆ మేరకు తగ్గించి కోయించడం మరిచిపోవద్దు. ఇలా తయారైన పలకను సొరుగులో దించితే అది నాలుగు గోడల మధ్య ఇమిడి కదలదు. జిగురంతా పలకకే ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు ఎత్తి తీసుకుపోవచ్చు. అరకు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది, ముందువైపు గోడ లేదు కాబట్టి అక్కడ పలక కింద పట్టు ఉన్న జాలీ ముక్కలు రెండు మూడు పెడితే చాలు. చెక్క రంగు వేసినదైతే జాలీ బదులు సన్నని కార్కు ముక్కలు పెట్టండి. సొరుగులో ఎత్తైన వస్తువులు ఉంటే పలక, షీటు కలిసి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు తీసుకుంటాయో ముందే చూసుకోవాలి, పైచెక్కకు తగిలి సొరుగు మూసుకోకపోతే పని వృథా అవుతుంది.

చెంచాల సొరుగుకు ఇంకా తేలికైన మార్గం ఉంది. సొరుగు వెడల్పుకూ లోతుకూ సరిపోయే గదుల ట్రేను షీటు మీద పెడితే దాని బరువే షీటును కూర్చోబెడుతుంది. ట్రే చిన్నదై కదులుతూ ఉంటే మాత్రం అదే షీటును నెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు దాని వెనుక ఖాళీలో ఒక చెక్క ముక్క అడ్డం పెట్టండి.

టేపే వాడాలనుకుంటే, ఊడదీయడానికి వీలైనదని రాసి ఉన్న రెండువైపుల టేపును మాత్రమే వాడండి. గుడ్డ పట్టీ ఉన్న టేపులు జిగురును బాగా వదిలిపోతాయి, నురగ టేపులు షీటు కింద గట్టులా తేలతాయి. టేపును వెచ్చని గదిలో అతికించి, పొడవునా గట్టిగా రుద్దాలి. అక్రిలిక్ జిగురు పూర్తి బలం పుంజుకోవడానికి దాదాపు 72 గంటలు పడుతుంది కాబట్టి అతికించిన రోజే బరువైన సామాను సర్దడం సరికాదు. జాలీ షీటుకు టేపు అసలు పనికిరాదు. రంధ్రాల వల్ల అంటుకునే చోటు తక్కువ, పైగా ఇంతకుముందు చెప్పిన ప్లాస్టిసైజర్లు జిగురును కరిగించి బంకగా మారుస్తాయి. మీ సొరుగులో మిగిలిన మరకలు అలా వచ్చినవే అయి ఉండవచ్చు. ఇథిలీన్ వినైల్ అసిటేట్ షీటు మీద కూడా మామూలు టేపు అంత గట్టిగా నిలవదు, ఆల్కహాల్‌తో తుడిచి ఆరాక అతికిస్తే కొంత మెరుగు. డ్రాయింగ్ పిన్నులు అరల్లో గిన్నెలకు తగులుతాయి, సొరుగుల్లో అడుగు పలక పలుచగా ఉంటుంది కాబట్టి మొన కిందికి పొడుచుకు వచ్చి కింది సొరుగులో చేయి పెట్టినవారికి గుచ్చుకుంటుంది. అద్దె ఇంట్లో రంధ్రాల ప్రసక్తే వద్దు.

వెనుకవైపంతా జిగురు ఉండే స్టిక్కర్ షీట్లు కదలవన్నది నిజమే. కానీ వాటిని తీయడం వేయడమంత సులువు కాదు, అద్దె ఇంటికి నేను వాటిని సూచించను.

ఉన్న మరకల సంగతి. లామినేట్ మీదైతే జిగురును హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబరచి, ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా గీకి, మిగిలినదాని మీద వంటనూనె రాసి పావుగంట వదిలేయండి. జిగురు మెత్తబడి ఉండలు కడుతుంది. దాన్ని గుడ్డతో తీసేసి, సబ్బు నీటితో నూనె పూర్తిగా పోయేదాకా తుడవాలి, లేకపోతే తర్వాత వేసే షీటు ఆ నూనె మీదే జారుతుంది. పూత లేని చెక్క మీద నూనె వాడవద్దు, లోపలికి ఇంకి జిగురుకంటే పెద్ద మరక చేస్తుంది. అక్కడ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో కొద్దికొద్దిగా రుద్దాలి. గోళ్ల రంగు తీసే అసిటోన్‌ను రంగు మీదా ప్లాస్టిక్ మీదా పడనీయకూడదు. ఇకముందు టేపు ఊడదీసేటప్పుడు నిలువుగా పైకి లాగకుండా, టేపును తన మీదికే మడిచినట్లుగా, చెక్కకు దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగితే జిగురు చాలావరకు దానితోనే వస్తుంది.

సింకు కింది అరలో ఏదీ అతికించవద్దు, చుట్టూ అంచు ఉన్న ప్లాస్టిక్ ట్రే పెట్టండి. అక్కడ గొట్టం చెమర్చినా కారినా నీరు షీటు కిందే నిలిచి, మీరు గమనించేలోపు చెక్కను ఉబ్బిస్తుంది. ఇనుప అల్మారా అయితే అంచుల మీద సన్నని అయస్కాంత పట్టీలు వేస్తే చాలు. తీగల అరలకు మెత్తని షీటు కుదరదు, తీగల మధ్య కుంగిపోతుంది. గట్టి ప్లాస్టిక్ పలకను కొలతకు కోసి, మూలల్లో రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ పట్టీలతో తీగకు కట్టేయాలి.

కొన్ని నెలలకోసారి షీట్లను ఎత్తి అడుగు దులపండి. జాలీ షీటు పట్టు తగ్గినట్లు అనిపిస్తే అది పాడైందని పారేయకముందు గోరువెచ్చని సబ్బు నీటిలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో చదునుగా ఆరవేయండి. రంధ్రాల్లో చేరిన పిండీ దుమ్మూ పోతే పట్టు తిరిగి వస్తుంది. ఉతికాక కూడా గట్టిగా, పెళుసుగా ఉండి, వేళ్ల మధ్య నలిపితే పొడి రాలుతుంటే మాత్రం దాని కాలం తీరినట్లే. దాన్ని తీసేముందు ఏ సొరుగుదో, ముందు అంచు ఏదో పెన్నుతో రాసి ఉంచుకుంటే, కొత్త షీటు కోయడానికి అదే నమూనాగా పనికొస్తుంది.